నాలుక లేని బష్కీర్: పుష్కిన్‌ని మనం ఎలా చదవాలి?

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా వందలాది శాసనాలున్నాయి. చాలావాటిలో విషయం ఒకటే. ఫలానా రాజో, రాణో, మంత్రో, దండనాయకుడో స్వామికి అఖండదీపం పెట్టించాడు. ఆ దీపానికి నెయ్యి కోసం ఇన్ని ఆవుల్నో, ఇన్ని గొర్రెల్నో ఇచ్చాడు. ఆ మందను తీసుకుని రోజూ నెయ్యి కొలిచి పోయవలసిన బోయ కాపరి పేరు కూడా కొన్ని శాసనాల్లో కనిపిస్తుంది. దాత ఏం కోరుకున్నాడో శాసనం చెబుతుంది. కాపరి ఏమనుకున్నాడో చెప్పదు. అతనికి పేరుంది, మాట లేదు.

మేం కొండ దిగి వచ్చినవాళ్ళం. మాలో కోయలు, కొండరెడ్లు, కొండదొరలు ఉన్నారు. కొందరం ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాం, కొందరం డెల్టా ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తున్నాం. సెలవు రోజుల్లో ద్రాక్షారామంలో కలుసుకుని ఏదో ఒక పుస్తకం చదువుకుంటాం. ఈసారి పుష్కిన్‌ని పెట్టుకున్నాం. రష్యన్ మాకు రాదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అందిన మేరకే చదివాం. మాతో కూర్చునే ఇంటర్ కుర్రాడు మొదటి రోజే అడిగాడు: "రెండు వందల ఏళ్ళ కిందటి రష్యా జమీందారు కవి మనకెందుకు మాస్టారూ? మన పాటలే ఎవరూ రాసిపెట్టలేదు కదా!"

న్యాయమైన ప్రశ్న. దానికి మాకు దొరికిన జవాబే ఈ వ్యాసం.

కవి, జమీందారు, ఖైదీ

అలెగ్జాండర్ పుష్కిన్ 1799లో మాస్కోలో పుట్టాడు. తండ్రి వైపు పాత కులీన వంశం. తల్లి వైపు ముత్తాత అబ్రాం గనిబాల్ ఆఫ్రికావాడు. చిన్నపిల్లవాడుగా ఇస్తాంబుల్‌కు, అక్కణ్ణుంచి రష్యా చక్రవర్తి పీటర్ దగ్గరకు చేరి, చివరికి సైన్యంలో జనరల్ అయ్యాడు. పుష్కిన్ ఆ నల్లని పూర్వీకుణ్ణి దాచుకోలేదు. అతని మీద నవల కూడా మొదలుపెట్టాడు, పూర్తి చేయలేదు. వంశం గురించి ఎవరైనా వెక్కిరిస్తే పద్యంతోనే బదులు చెప్పాడు.

1811 నుంచి 1817 దాకా రాజధాని దగ్గర, పెద్దింటి పిల్లల కోసం పెట్టిన విద్యాలయంలో చదివాడు. స్వేచ్ఛ మీద, వెట్టిరైతుల బాధ మీద రాసిన పద్యాలు చేతిరాత ప్రతులుగా తిరిగేసరికి ప్రభుత్వం 1820లో అతన్ని దక్షిణాదికి పంపేసింది. 1824 నుంచి రెండేళ్ళు సొంత ఊరు మిఖాయిలోవ్‌స్కొయేలో నిర్బంధం. 1826లో కొత్త చక్రవర్తి మొదటి నికొలాయ్ పిలిపించి, ఇకమీదట నీ రాతలు నేనే పరిశీలిస్తానన్నాడు. కవికి అది గౌరవమూ, సంకెలా రెండూ అయింది. 1837లో ద్వంద్వయుద్ధంలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. అప్పటికి 37 ఏళ్ళు. వదిలిపోయిన అప్పులు చక్రవర్తి తీర్చాడు.

ఇంతవరకూ ఏ పరిచయ వ్యాసంలోనైనా ఉంటుంది. దానికి మరో మాట చేర్చాలి. 1819లో వెట్టిరైతుల దుస్థితి మీద గొప్ప పద్యం రాసిన ఈ కవే, 1830లో పెళ్ళికి ముందు తండ్రి తన పేర రాసిచ్చిన 200 మంది వెట్టిరైతుల్ని తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకున్నాడు. ఆ పని మీద బోల్దినో అనే ఊరికి వెళ్ళి, కలరా వల్ల దారులు మూసేస్తే అక్కడే చిక్కుకుపోయాడు. ఆ మూడు నెలల్లో రాసినంత ఎన్నడూ రాయలేదు. సాహిత్య చరిత్ర దాన్ని 'బోల్దినో శరత్తు' అని పండుగలా చెప్పుకుంటుంది. అక్కడ తాకట్టుకెళ్ళిన మనుషుల సంగతి మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. అప్పుకు బదులు మనిషిని జమ వేసే పద్ధతి మన తాతలకు తెలియనిది కాదు. అందుకే మేం ఆ చిన్న అక్షరాల దగ్గర ఆగాం.

కొండపిల్ల త్యాగం

దక్షిణాదికి పంపినప్పుడు పుష్కిన్ కాకసస్ కొండలు చూశాడు. 1822లో 'కాకసస్ ఖైదీ' అనే కథాకావ్యం వచ్చింది. ఒక రష్యన్ యువకుడు చెర్కెస్ కొండజాతివాళ్ళకు బందీగా దొరుకుతాడు. ఆ గూడెం పిల్ల అతన్ని ప్రేమించి, సంకెళ్ళు కోసి నది దాటిస్తుంది. అతను ఒడ్డు చేరతాడు. ఆమె నీళ్ళలో మునిగిపోతుంది. అతను తన వాళ్ళ దగ్గరకు నడిచిపోతాడు.

ఈ కథ చదివినప్పుడు మాలో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. పట్నం నుంచి ఆఫీసరో, ఇంజనీరో అడవికి వస్తాడు. గూడెం పిల్ల అతని కోసం ప్రాణమిస్తుంది. తెలుగు కథల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు చూశాం! అడవి అందం, పిల్ల అమాయకత్వం, మైదానపు కథానాయకుడి దుఃఖం. ఆమెకు దుఃఖించేవాళ్ళు గూడెంలో ఉన్నారా అని ఎవరూ అడగరు.

కావ్యం చివర పుష్కిన్ ఒక ముక్తాయింపు చేర్చాడు. కాకసస్‌ను అణచిన రష్యన్ సేనాపతుల్ని పొగిడాడు. 'కాలం అలాంటిది, అప్పటివాళ్ళందరూ అలాగే ఆలోచించారు' అని కవి తరఫున వాదించడం మామూలు. కానీ అదే 1822లో పుష్కిన్ స్నేహితుడే, కవి వ్యాజెంస్కీ, ఈ పొగడ్తను తప్పుపడుతూ మరో మిత్రుడికి ఉత్తరం రాశాడు. జనాన్ని చంపినవాళ్ళను కవిత్వం కీర్తించకూడదన్నది అతని బాధ. అంటే ఆ కాలంలోనే, ఆ గదిలోనే వేరేగా ఆలోచించిన మనిషి ఉన్నాడు. ఏ మహాకవి గురించైనా 'కాలం అలాంటిది' అనే మాట వినపడితే పిల్లల చేత ఒక ప్రశ్న అడిగించండి: ఆ కాలంలో కాదన్నవాళ్ళు ఎవరూ లేరా?

'జిప్సీలు' అనే కావ్యానికి వచ్చేసరికి పుష్కిన్ మారాడు. పట్నపు చట్టాలు గిట్టక అలేకో అనేవాడు సంచార జిప్సీలతో కలుస్తాడు. వాళ్ళ పిల్లతో కాపురం చేస్తాడు. ఆమె మనసు మరొకడి మీదకు పోతే ఇద్దర్నీ చంపేస్తాడు. జిప్సీలు అతన్ని చంపరు, కట్టేయరు. మా మధ్య ఉండొద్దు, వెళ్ళిపొమ్మంటారు. నీకు కావలసిన స్వేచ్ఛ నీ ఒక్కడికే అని ఆ పిల్ల తండ్రి అన్న మాట సారాంశం. నాగరికుడి గుండెలోని యజమానిని ఇంత సూటిగా పట్టుకున్న చోటు పుష్కిన్‌లో మరొకటి లేదు. అయితే ఆ ముసలాయన మంచితనం ఎంత చెప్పినా అతనికి కావ్యంలో పేరు లేదు.

మూడు జాతుల పేర్లు

చనిపోవడానికి కొద్ది నెలల ముందు, 1836లో, పుష్కిన్ ఒక పద్యం రాశాడు. చేతులతో కట్టని స్మారకం ఒకటి తనకు తానే నిలుపుకున్నానని, రష్యా అంతటా తన పేరు వినిపిస్తుందని అందులో అంటాడు. తనను తలచుకోబోయే జనాల జాబితా ఇస్తాడు. స్లావు మనవడి తర్వాత ఫిన్, తుంగూస్, కల్మిక్ వస్తారు. ఇందులో తుంగూస్‌కు తగిలించిన విశేషణం: ఇప్పటికింకా అడవిమనిషి.

ఈ పద్యం మీద మాలో వాదన జరిగింది. ఒక టీచరమ్మ అన్నారు: "పోనీలెండి, మనలాంటివాళ్ళు చదువుతారని అయినా ఊహించాడు. తెలుగులో ఏ ప్రబంధకవి తన పాఠకుల్లో కోయవాణ్ణి లెక్కపెట్టాడు?" మరొకరు ఒప్పుకోలేదు: "మనం ఆయన్ని చదవడమే మన నాగరికత అయితే, ఆయన మనల్ని చదవక్కర్లేదా?" రెండు మాటలూ నిజమే. ఆ పద్యంలో పిలుపూ ఉంది, అవమానమూ ఉంది. తుంగూస్ అనేది కూడా బయటివాళ్ళు పెట్టిన పేరే. వాళ్ళు తమను ఎవెంకీలమని చెప్పుకుంటారు. కోయవాళ్ళు తమ భాషలో తమను కోయతోర్ అని చెప్పుకున్నట్టే.

నాలుక తెగిన మనిషి

మమ్మల్ని ఎక్కువ రోజులు పట్టి ఉంచింది మాత్రం 'కెప్టెన్ కూతురు' నవలలో ఒక చిన్న సన్నివేశం. 1773 నుంచి 1775 దాకా పుగచోవ్ నాయకత్వంలో కొసాకులు, వెట్టిరైతులు, బష్కీర్లు చక్రవర్తిని కేథరిన్ మీద తిరగబడ్డారు. నవల ఆ కాలపు కథ. కథ చెప్పేవాడు గ్రినేవ్ అనే కుర్ర అధికారి.

కోటలో సైనికులు ఒక ముసలి బష్కీర్‌ను పట్టుకొస్తారు. డెబ్బై దాటినవాడు. ముక్కు లేదు, చెవులు లేవు. 1741లో తిరుగుబాటు చేసినవాళ్ళకు వేసిన శిక్ష గుర్తులవి. కోట అధికారి ప్రశ్నలు వేస్తాడు. అతను పలకడు. దుబాసీ చేత అతని భాషలో అడిగిస్తాడు. పలకడు. కొరడా తెమ్మంటాడు. అప్పుడు ఆ ముసలివాడు మూలిగి, తల ఊపి, నోరు తెరుస్తాడు. అందులో నాలుక లేదు. మొదలు మాత్రం ఉంది.

ఇంతకన్నా బలంగా రాజ్యాన్ని బోనెక్కించిన సన్నివేశం మేం ఎక్కువ చదవలేదు. నాలుక కోసింది వాళ్ళే, మాట్లాడమని కొట్టబోతున్నదీ వాళ్ళే. ప్రతి ఆదివాసీకీ ఇది తెలిసిన అనుభవం. చదువు చెప్పరు, చదువు రాదంటారు. మన భాషలో అడగరు, నోరు లేదంటారు.

ఆ వెంటనే గ్రినేవ్ ఒక నీతి చెబుతాడు. హింస లేకుండా, నడతలు బాగుపడటం వల్ల వచ్చే మార్పులే మంచివని. ఇది గ్రినేవ్ మాటా, పుష్కిన్ మాటా, సెన్సారు కోసం పెట్టిన మాటా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. మేం చూసింది వేరు. ఆ నీతివాక్యంతో ఆ మనిషి కథ ఆగలేదు. తర్వాతి అధ్యాయంలో పుగచోవ్ కోట పట్టుకుంటాడు. ఉరికొయ్య నిలబెడతారు. దాని అడ్డదూలం మీద తాడు పట్టుకుని కూర్చున్నది ఆ ముసలి బష్కీరే. ఉరి తీయబోయేది ముందు రోజు కొరడా తెమ్మన్న అధికారిని. పుష్కిన్ ఇక్కడ ఒక్క వ్యాఖ్యానం కూడా చేయడు. ముందు రోజు చెప్పిన నీతి పక్కన ఈ దృశ్యం పెట్టి ఊరుకుంటాడు. మహాకవి అనిపించుకున్నది ఇలాంటి చోటనే.

అయినా మా ఫిర్యాదు మిగిలే ఉంది. ఆ బష్కీర్‌కు పేరు లేదు. నోరు తెరిచి చూపించాడు గానీ అతని మనసులోని మాట ఏమిటో కవి ఊహించలేదు. నిజానికి ఆ తిరుగుబాటులో బష్కీర్లు మూగవాళ్ళు కారు. వాళ్ళ నాయకుడు సలావత్ యులాయెవ్ కవి. 1754లో పుట్టాడు. యుద్ధంలో దిగేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. పట్టుబడ్డాక కొరడాలతో కొట్టి, ముక్కుపుటాలు చీల్చి, ముఖాన వాత పెట్టి, బాల్టిక్ ఒడ్డున ఒక కోటకు యావజ్జీవ శిక్షకు పంపారు. 1800లో అక్కడే చనిపోయాడు. అతని పేరు మీద పాటలు బష్కీర్ల నోళ్ళలో నిలిచాయి. పుష్కిన్ నవలలో బష్కీర్‌కు నాలుక లేదు. బష్కీర్ల గుడారాల్లో మాత్రం పాట ఉంది.

వినడానికి వెళ్ళిన కవి

ఇక్కడ పుష్కిన్‌కు చెందవలసిన గౌరవం ఇవ్వాలి. నవల కన్నా ముందు అతను పుగచోవ్ చరిత్ర రాశాడు. దస్తావేజులు చదివి ఊరుకోలేదు. 1833లో కజాన్ మీదుగా ఒరెన్‌బుర్గ్ దాకా బండి మీద వెళ్ళాడు. తిరుగుబాటు ముగిసి అప్పటికి సుమారు అరవై ఏళ్ళు. చూసిన ముసలివాళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పుగచోవ్ మకాం వేసిన బెర్ది అనే ఊళ్ళో ఒక కొసాకు ముసలమ్మను కూర్చోబెట్టి ఆనాటి మాటలు, పాటలు విని రాసుకున్నాడు. ఆమెకు బంగారు నాణెం ఇచ్చాడట. తిరుగుబాటుదారు పాటలకు బంగారం ఇచ్చే ఈ పొడుగు గోళ్ళ మనిషి ఎవరోనని ఊళ్ళోవాళ్ళు భయపడి పైవాళ్ళకు చెప్పారని కూడా ఒక కథ ఉంది. నోట్‌బుక్కు పట్టుకుని గూడెంలోకి వచ్చిన కొత్తమనిషిని చూసి మన అవ్వలు తలుపు వేసుకోవడం మేం ఎరుగుదుం. ఆ భయానికి కారణం ఉంది. రాసుకునేవాడు ఎవరి కోసం రాసుకుంటున్నాడో వాళ్ళకు తెలియదు.

ఆ పుస్తకం 1834లో అచ్చయింది. పుష్కిన్ పెట్టిన పేరు 'పుగచోవ్ చరిత్ర'. నేరస్థుడికి చరిత్ర ఏమిటని చక్రవర్తి ఆ పేరు కొట్టేసి 'పుగచోవ్ తిరుగుబాటు చరిత్ర' అని మార్చాడు. చిన్న మార్పులాగే కనిపిస్తుంది. మనిషికి చరిత్ర ఉండకూడదు, అతని నేరానికే ఉండాలి అన్నమాట.

మనకు ఇది అర్థం కావడానికి రష్యా దాకా వెళ్ళక్కర్లేదు. 1879లో రంప కొండల్లో కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటివాళ్ళు తిరగబడ్డారు. కల్లు మీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, షావుకార్ల అప్పులు దానికి కారణాలు. సర్కారు కాగితాల్లో దాని పేరు 'రంప ఫితూరీ'. మనం కూడా అదే పేరు వాడుతున్నాం. 1922 నుంచి 1924 దాకా జరిగిన పోరాటం గురించి అల్లూరి సీతారామరాజు పేరుతో పుస్తకాలు, బుర్రకథలు, సినిమాలు వచ్చాయి. ఆయనకు ఆ గౌరవం తగినదే. గాం గంటందొర, మల్లుదొర కథ మాత్రం ఆ కథలో ఒక పక్కన సర్దుకుంది. వాళ్ళతో నడిచిన వందలమంది పేర్లు పోలీసు కాగితాల్లో ముద్దాయిలుగా ఉన్నాయి. గుడి శాసనంలో బోయవాడి లాగే పేరుంది, మాట లేదు.

మన పక్కనున్న మహాకవి

ద్రాక్షారామంలో కూర్చుని శ్రీనాథుణ్ణి తలవకుండా పుష్కిన్ గురించి మాట్లాడటం కుదరదు. ఈ క్షేత్రం మీదే ఆయన భీమేశ్వర పురాణం రాసి బెండపూడి అన్నయ మంత్రికి అంకితమిచ్చాడు. కాశీ నుంచి వెళ్ళగొట్టిన వ్యాసుడు ఇక్కడికి వచ్చి సేదదీరిన కథ అందులో ఉంది. విజయనగరంలో కనకాభిషేకం పొందిన కవి, చివరి రోజుల్లో పన్ను కట్టలేక అవమానం పడ్డాడని చెప్పుకుంటారు. రాజు దగ్గర గౌరవం, చివరికి అప్పు. ఈ ఒక్క విషయంలో ఇద్దరు కవులూ చుట్టాలే.

శ్రీనాథుణ్ణి కూడా మనం పుష్కిన్‌ని చదివినట్టే చదవాలి. పల్నాటిలో వరి అన్నం దొరకదని, జొన్నకూడే గతి అని వెక్కిరించే చాటువులు ఆయనవిగా ప్రచారంలో ఉన్నాయి. సన్నబియ్యం తిన్న నాలుక మాట అది. అదే కవి పేరు మీద, అదే పల్నాటి వీరుల కథ, జనం పాడుకునే ద్విపదలో ఉంది. హరవిలాసంలో శివుడు కిరాతుడై అర్జునుడితో తలపడతాడు. ఎరుకవాడి విల్లు, ఎరుకవాడి పౌరుషం ఆ కథకు అందం తెచ్చాయి. చివరికి అది వేషమని తెలుస్తుంది. అర్జునుడు మొక్కింది శివుడికి, ఎరుకవాడికి కాదు. మనల్ని వేషంగా వాడుకున్న కావ్యాలు చాలా ఉన్నాయి. వాటిని పారేయమని మేం అనడం లేదు. వేషం విప్పేశాక ఆ కిరాతుడు ఎక్కడికి పోయాడని క్లాసులో అడగమంటున్నాం.

పేర్కొన్నవాళ్ళ జవాబు

పుష్కిన్ జాబితాలోని జాతులు ఏం చేశాయో చూడండి. 'అడవిమనిషి' అనిపించుకున్న ఎవెంకీల భాషకు 1930ల్లో లిపి ఏర్పడింది. తర్వాత తరంలో అలితెత్ నెమ్‌తూష్కిన్ వంటి కవి ఆ భాషలోనే రాశాడు. కల్మిక్ జాతిని 1943 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం గుత్తంగా సైబీరియాకు తరలించింది. యుద్ధంలో ఉన్న కల్మిక్ కవి దవీద్ కుగుల్తినోవ్ తన జాతి తరఫున మాట్లాడి, శిబిరంలో ఖైదు అనుభవించాడు. తిరిగొచ్చాక మళ్ళీ కల్మిక్ భాషలోనే రాశాడు. పుష్కిన్ పేరు వినడం దగ్గర వీళ్ళు ఆగిపోలేదు. తమ పేరు తామే చెప్పుకున్నారు.

ఇంకో సంగతి. పుష్కిన్‌కు జానపద కథలు చెప్పింది అరీనా రొదియోనొవ్నా. అతన్ని పెంచిన దాది. వెట్టి కుటుంబంలో పుట్టిన మనిషి. మిఖాయిలోవ్‌స్కొయే నిర్బంధంలో సాయంత్రాలు ఆమె చెప్పిన కథలు రాసుకున్నాడు. తర్వాత అతని కథాగేయాలకు అవి ఆధారమయ్యాయి. పుష్కిన్‌కు 1880లో మాస్కోలో పెద్ద విగ్రహం పెట్టారు. అతని పుట్టినరోజు జూన్ 6ను ఐక్యరాజ్యసమితి రష్యన్ భాషా దినంగా జరుపుతోంది. 1828లో చనిపోయిన ఆ అవ్వ సమాధి మాత్రం ఎక్కడుందో జాడ లేకుండా పోయింది.

కాబట్టి

కుర్రాడి ప్రశ్నకు మా జవాబు ఇది. పుష్కిన్ మనకు కావాలి. దండం పెట్టడానికి కాదు, పోట్లాడటానికే కూడా కాదు. ఒక మహాకవి మనలాంటివాళ్ళను ఎక్కడ చూశాడు, ఎక్కడ చూడలేదు, చూసినా ఎక్కడ పేరు అడగడం మరిచాడు అని కనిపెట్టడం నేర్చుకోవడానికి. ఆ చూపు వస్తే శ్రీనాథుణ్ణైనా, ఈనాటి సినిమానైనా, మన మీద ప్రభుత్వం రాసే నివేదికనైనా చదవగలం.

రెండోది ఇంకా ముఖ్యం. అతను బెర్దికి అరవై ఏళ్ళకు వెళ్ళాడు. చూసిన కళ్ళు దొరికాయి. రంప పోరాటానికి వందేళ్ళు దాటిపోయాయి. చూసినవాళ్ళు లేరు. చూసినవాళ్ళ ఒడిలో కూర్చుని విన్నవాళ్ళు కొద్దిమంది ఉన్నారు. పోలవరం ముంపుకు ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు వచ్చిన ముసలివాళ్ళకు, పాటలో ఉన్న కొండ ఇక ఎదురుగా లేదు. వాళ్ళ దగ్గర కూర్చోవలసింది మనమే. బంగారు నాణెం అక్కర్లేదు. మనల్ని చూసి వాళ్ళు తలుపు వేసుకోరు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. దసరా సెలవులకు పిల్లల్ని ఇళ్ళకు పంపేటప్పుడు ఒక పని చెప్పండి. అవ్వ దగ్గరో తాత దగ్గరో ఒక పాట, ఒక కథ, వాళ్ళ నోటి భాషలోనే రాసుకు రమ్మనండి. కోయ మాట తెలుగు లిపిలో రాసినా సరే, తప్పులు దిద్దకండి. కింద తప్పనిసరిగా చెప్పినవాళ్ళ పేరు, ఊరి పేరు రాయించండి. పుష్కిన్ ఆ ముసలి బష్కీర్‌కు పెట్టని పేరు అదే.

మా కుర్రాడు ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాయనమ్మ దగ్గర ఒక పాట రాసుకొచ్చాడు. సగంలో ఆమెకు మాటలు గుర్తు రాలేదట. ఉన్న సగం రాసి, కింద ఆమె పేరు పెట్టాడు. వచ్చే సమావేశంలో పుష్కిన్‌ని పక్కనపెట్టి ముందు అది చదువుకుంటాం.